టైరు మార్చే ముందు బుష్ చూడండి

మన ఏజెన్సీ ఊళ్ళలో జీపు అంటే షికారు బండి కాదు. అది సంతకు పసుపు మోసే బండి, కాఫీ బస్తాలు కిందికి దించే బండి, నెప్పులు పడుతున్న ఆడమనిషిని రాత్రికి రాత్రి ఆసుపత్రికి చేర్చే బండి. ఎకరం, రెండెకరాల రైతులు నలుగురైదుగురు కలిసి కొనుక్కున్న పాత ఫోర్ వీల్ జీపులే చాలా గూడేలకు దిక్కు. ఆ బండి నడిచినన్నాళ్ళే మన సరుకు సంతకు చేరేది. అది కదలనంటే ఇంటి ముందుకొచ్చిన షావుకారు చెప్పిందే ధర.

అలాంటి బండి విషయంలో మనవాళ్ళు చేస్తున్న ఒక అశ్రద్ధ గురించి ఈ వారం మాట్లాడుకుందాం. అది కమాను కట్టల బుష్‌ల సంగతి. పిడికిట్లో పట్టేంత రబ్బరు ముక్క అది. అరిగిపోయిందని తెలిసినా "ఏం కాదు మావా, ఈ సీజను లాగించేద్దాం" అంటాం. సీజను అయ్యేసరికి టైర్లు ఒకపక్కనే అరిగి నూలు తేలుతాయి. స్టీరింగు చేతిలో నిలవదు. అప్పుడు పట్నం తీసుకెళ్ళి వేలకు వేలు పోస్తాం. కొత్త టైర్లు వేయిస్తాం గానీ, పాత బుష్ మాత్రం అలాగే ఉంటుంది. కొత్త టైర్లూ అదే దారి పడతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

నేను చెప్పదలచింది ఒకటే. కమాను కట్టలున్న జీపుకు బుష్‌లు మార్చడం రైతు ఇంటి దగ్గర చేసుకోగల పని, చేసుకోవలసిన పని కూడా. అయితే ఎక్కడిదాకా మనం చేయాలి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు అన్న గీత తెలిసి చేయాలి.

బుష్ చేసే పని

ఎడ్ల బండి తోలిన పెద్దలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చక్రం కుండ లోపల ఇనుప తొడుగు ఉంటుంది. ఇరుసు దానిలో తిరుగుతుంది. కందెన వేయకపోతే బండి కీచుమంటుంది. తొడుగు అరిగితే చక్రం ఊగుతుంది. ఊగే చక్రంతో బరువు వేసుకుని మిట్ట దిగే రైతు ఎవడూ లేడు. ముందు తొడుగు మార్పించి, ఆ తర్వాతే బండి కట్టేవాళ్ళు.

జీపులో బుష్ కూడా అటువంటి తొడుగే. కమాను కట్టలో అన్నిటికంటే పొడవైన పట్టీకి రెండు చివర్లా చుట్ట చుట్టిన కన్ను ఉంటుంది. ఒక కన్ను బోల్టుతో ఛాసిస్‌కు నేరుగా బిగిసి ఉంటుంది. రెండో కన్ను షాకిల్ అనే ఊయల లాంటి ముక్కకు తగులుకుని ఉంటుంది. గోతిలో చక్రం పడినప్పుడు, బరువు పడినప్పుడు వంపు తిరిగిన పట్టీలు చదునవుతాయి. చదునైన పట్టీ పొడవు సాగుతుంది. ఆ సాగిన పొడవుకు చోటివ్వడానికే షాకిల్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఈ కదలికంతా జరిగేది ఆ కళ్ళలో ఉన్న బుష్‌ల మీదనే.

రబ్బరు బుష్‌లో ఇనుము ఇనుము మీద రుద్దుకోదు. లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టుకుంటుంది, బయటి వైపు పట్టీ కన్ను పట్టుకుంటుంది, మధ్యలో రబ్బరు మెలితిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. అందుకే దానికి గ్రీజు అవసరం లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. బిగించేటప్పుడు దీంతోనే పని.

ఇంకో సంగతి. కమాను కట్ట బరువు మోయడమే కాదు, ఇరుసును తన చోట నిలబెట్టేది కూడా అదే. నేరుగా బిగిసిన కన్నులో బుష్ అరిగితే ఒకవైపు ఇరుసు వెనక్కి జరుగుతుంది. బండి పీతలాగ కొంచెం పక్కకు నడుస్తుంది. డ్రైవరు స్టీరింగు ఎప్పుడూ ఒకవైపు లాగి పట్టుకోవాలి. బ్రేకు వేస్తే బండి పక్కకు గుంజుతుంది. చదునైన రోడ్డు మీద ఇది చికాకు మాత్రమే. పాడేరు ఘాట్‌లో, అనంతగిరి ఘాట్‌లో, మారేడుమిల్లి ఘాట్‌లో మలుపు దగ్గర బండి జానెడు పక్కకు జరిగితే అటు లోయ. వెనక కూర్చున్నవాళ్ళు మన ఇంటివాళ్ళే.

అరిగిందని ఎలా పట్టాలి?

దీనికి మెకానిక్కు అక్కరలేదు. గునపం, చూసే కళ్ళు ఉంటే చాలు.

మొదట చెవితో వినండి. చిన్న గోతిలో పడినా, బ్రేకు వేసినా, గేరు వేసి క్లచ్ వదిలినా కింద "టక్" మని ఇనుము కొట్టుకున్న శబ్దం వస్తే బుష్‌ను అనుమానించాలి. తర్వాత కంటితో చూడండి. కన్ను మధ్యలో ఉండవలసిన బోల్టు ఒక పక్కకు వాలిందా, రబ్బరు చీలికలై బయటికి వచ్చిందా, పట్టీ పక్కలు షాకిల్ రేకులకు రాసుకుని మెరుస్తున్నాయా? ఆ మెరుపు కనిపిస్తే రబ్బరు పని అయిపోయినట్టే.

చివరికి గునపంతో చూడండి. బండిని చదును నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, కన్నుకూ హ్యాంగరుకూ మధ్య గునపం మొన పెట్టి మెల్లగా ఎత్తండి. మంచి బుష్ అయితే కాస్త సాగి మళ్ళీ తన చోటికి వస్తుంది. అరిగిన బుష్ అయితే కన్ను వదులుగా పైకీ కిందికీ ఆడుతుంది. నాలుగు కట్టలకూ ఎనిమిది కళ్ళుంటాయి. షాకిల్ పై భాగంలో ఛాసిస్ దగ్గర ఇంకో నాలుగు బుష్‌లుంటాయి. పన్నెండూ చూడాలి. ఒకటి చూసి బాగుందని వదిలేయకూడదు.

అయితే బండి ఊగినంత మాత్రాన తప్పంతా బుష్‌దే అనుకోకండి. ముందు చక్రాలు వణికితే కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, చక్రం బేరింగులు కూడా చూడాలి. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైనా, మధ్యలో సెంటర్ బోల్టు తెగినా ఇరుసు జరుగుతుంది. బుష్ కోసం కిందికి దూరినప్పుడే ఇవన్నీ ఒకసారి తడిమి చూడటం మంచిది.

నూనె పోస్తే నయం కాదు

శబ్దం వస్తోందని మనవాళ్ళు చేసే మొదటి పని, ఇంజనులోంచి తీసిన పాడు ఆయిలు తెచ్చి బుష్ మీద పోయడం. నాలుగు రోజులు శబ్దం ఆగుతుంది. రోగం తగ్గిందనుకుంటాం. కానీ పెట్రోలు, డీజిలు, ఇంజను ఆయిలు, గ్రీజు, ఇవన్నీ రబ్బరుకు శత్రువులు. రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలు పొరలుగా ఊడుతుంది. ఇంకో ఏడాది వచ్చే బుష్ మూడు నెలల్లో పోతుంది. గేరు బాక్సు నుంచో, ఇరుసు నుంచో ఆయిలు కారి బుష్ మీద పడుతుంటే ముందు ఆ కారుడు ఆపాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బాగా పాత విల్లీస్ రకం జీపులు కొన్నిటికి రబ్బరు బుష్‌లు ఉండవు. యూ ఆకారం షాకిల్‌కు మరలున్న ఇనుప బుష్‌లు ఉంటాయి. వాటికి గ్రీజు నిపిల్ ఉంటుంది. వాటికి గ్రీజు క్రమం తప్పకుండా పెట్టాల్సిందే. నిపిల్ ఉంటే గ్రీజు పెట్టండి, రబ్బరుంటే గ్రీజు పెట్టకండి. ఈ రెండూ తారుమారు చేయకూడదు. ఆ మరల బుష్‌లలో కొన్ని ఎడమ మరవి ఉంటాయి కనుక, విప్పేటప్పుడు ఎటు తిరగాలో చూసుకోకుండా బలం పెట్టకూడదు.

కొందరు పాత ట్యూబు ముక్క చుట్టి కన్నులో దూరుస్తారు. అత్యవసరానికి ఇంటికి చేరడానికైతే సరే. దాన్నే మరమ్మతు అనుకుని ఘాట్ ఎక్కితే మాత్రం కోరి కష్టం తెచ్చుకోవడమే.

ఇంటి దగ్గర ఎలా చేసుకోవాలి?

ఇది ఇద్దరు మనుషుల పని. ఒక్కరే ఎప్పుడూ చేయకూడదు. మొదటిసారి అనుభవం ఉన్నవారిని పక్కన పెట్టుకోవాలి. మొదటి కట్టకు పూట పట్టినా, నాలుగో కట్టకు చేతులు వాటంతట అవే నడుస్తాయి.

ముందురోజు సాయంత్రమే తీగ బ్రష్‌తో నట్ల మీది మట్టి, తుప్పు గీకేయాలి. తుప్పు వదిలించే ఆయిలు నట్టు మరల మీద మాత్రమే, రబ్బరు మీద పడకుండా, రెండు మూడు సార్లు వేసి రాత్రంతా నాననివ్వాలి. విప్పకముందే సెల్‌ఫోనుతో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఏ బోల్టు ఎటువైపు నుంచి దూరిందో, ఏ రేకు ఎటు ఉందో బిగించేటప్పుడు గుర్తు రాక తికమక పడుతుంటారు.

బండిని గట్టి నేల మీద, చదునుగా ఉన్నచోట నిలపాలి. కళ్ళం అయితే మేలు. వాలు మీద వద్దు, వాన పడిన మట్టి నేల మీద అసలే వద్దు. వెనక కట్ట విప్పుతుంటే ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు అడ్డు పెట్టాలి. "హ్యాండ్‌బ్రేకు వేశాం గదా" అనుకోకూడదు. పాత జీపులు చాలావాటికి హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టదు, గేరు బాక్సు వెనక తిరిగే షాఫ్టును పడుతుంది. ఒక వెనక చక్రం నేల వదిలిందంటే ఆ చక్రం గాలిలో వట్టిగా తిరుగుతుంది, బ్రేకు పట్టు పోతుంది, బండి జాకీ మీద నుంచి జారుతుంది. గేరులో పెట్టి ఉంచినా అంతే. కాబట్టి అడ్డు దిమ్మలే నమ్మకం.

జాకీ ఎత్తడానికే గానీ, బరువు మోయించి కిందికి దూరడానికి కాదు. ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. లేకపోతే మందపాటి గట్టి చెక్క దిమ్మలను అడ్డంగా, నిలువుగా పేర్చి ఆన్చాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు, రాళ్ళు పెట్టకండి. అవి చెప్పకుండా పగులుతాయి. బండి స్టాండు మీద కూర్చున్నాక పక్క నుంచి గట్టిగా నెట్టి చూసి, కదలకపోతేనే కిందికి చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు చక్రం విప్పి, ఇరుసు కింద రెండో జాకీ పెట్టి మెల్లగా ఎత్తాలి, దించాలి. కట్ట మీద బరువూ లేకుండా, కట్ట వేలాడకుండా మధ్యస్థంగా ఉండే చోటు ఒకటి దొరుకుతుంది. ఆ చోట బోల్టు చేతితో తిప్పితే తిరుగుతుంది. అక్కడ ఆపాలి. సమ్మెటతో బాదవలసి వస్తోందంటే జాకీ ఎత్తు సరిగా లేదని అర్థం.

మొదట షాకిల్ వైపు విప్పండి. దాన్ని పూర్తిగా మార్చి బోల్టులు దూర్చిన తర్వాతే రెండో కన్ను విప్పండి. రెండు చివర్లూ ఒకేసారి విప్పితే ఇరుసును పట్టి ఉంచేది ఏదీ ఉండదు. అలాగే కుడి కట్ట పూర్తయ్యాకనే ఎడమ కట్ట. బోల్టును వెనక్కి కొట్టేటప్పుడు నట్టును మర చివరిదాకా వదులు చేసి ఉంచి, చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టాలి. లేకపోతే మర పాడవుతుంది.

పాత బుష్ తీయడం

రెండు ముక్కల రబ్బరు బుష్ అయితే స్క్రూడ్రైవరుతో గెలికి లాగితే వస్తుంది. బయట కూడా ఇనుప తొడుగున్న బుష్ అయితే కన్నులో బిగిసి ఉంటుంది. దానికి మన చేతిలోనే పరికరం ఉంది. పొడవాటి మర కడ్డీ, రెండు నట్లు, నాలుగు మందపాటి వాషర్లు, బుష్ కంటే కొంచెం వెడల్పైన ఇనుప గొట్టం ముక్క తెచ్చుకోండి. కడ్డీని బుష్ లోంచి దూర్చి, ఒకవైపు బుష్ బయటి తొడుగు కంటే వెంట్రుకవాసి చిన్న వాషరు, రెండోవైపు గొట్టం ముక్క, దాని వెనక పెద్ద వాషరు పెట్టి నట్టు బిగిస్తూ పోతే పాత బుష్ మెల్లగా గొట్టంలోకి జరుగుతుంది. కొత్తది ఎక్కించడానికీ ఇదే పరికరం. కడ్డీ మరకు మాత్రం గ్రీజు రాసుకోవచ్చు.

మొరాయిస్తే, లోపలి రబ్బరును డ్రిల్లుతో తూట్లు పొడిచి గొట్టాన్ని తీసేసి, మిగిలిన బయటి తొడుగును హాక్సా బ్లేడుతో పొడవునా కోసి మడిచి లాగాలి. బ్లేడు పట్టీ కన్నును తాకకూడదు. కన్నులో గీటు పడితే కొన్నాళ్ళకు పట్టీ అక్కడి నుంచే పగులుతుంది.

గ్యాసు మంట పెట్టి కాల్చి తీయడం కొన్ని షెడ్లలో చూస్తాం. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ కమాను పట్టీ మామూలు ఇనుము కాదు. కాచి, చల్లార్చి, పదును పెట్టిన ఉక్కు. మంట తగిలితే ఆ పదును పోతుంది. కొడవలిని పొయ్యిలో పెట్టి తీస్తే ఏమవుతుందో రైతుకు తెలుసు. పట్టీకీ అదే జరుగుతుంది. ఎవరు చేసినా సరే, మీ బండికి మాత్రం మంట పెట్టనివ్వకండి.

బిగించేటప్పుడు అందరూ తప్పే చోటు

కన్ను లోపల ఎమరీ కాగితంతో తుప్పు తుడిచి, పొడిగుడ్డతో శుభ్రం చేయాలి. కొత్త బుష్‌కు సబ్బు నీళ్ళు రాసి, వంకర పోకుండా తిన్నగా ఎక్కించాలి. షాకిల్ రేకుల రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డులాగ సాగాయా చూడాలి. సాగితే రేకులూ మార్చాలి. బోల్టు మీద మెట్టు పడేంతగా అరిగినా మార్చాలి. పాత బోల్టుకు కొత్త బుష్ వేయడం చిరిగిన గోనెకు కొత్త తాడు కట్టినట్టే.

ఇక అసలు సంగతి. బోల్టులు దూర్చాక చేతితో తిరిగేంత వరకే నట్టు పెట్టి వదిలేయండి. చక్రం ఎక్కించి, స్టాండ్లు తీసి, బండిని నేల మీదికి దించండి. బండి బరువంతా చక్రాల మీద పడ్డాక, నాలుగుసార్లు పైకీ కిందికీ ఊపి, అప్పుడు గట్టిగా బిగించండి. కారణం ఇంతకుముందు చెప్పుకున్నాం. లోపలి గొట్టం ఎక్కడ బిగిస్తే రబ్బరు అక్కడి నుంచే మెలితిరుగుతుంది. గాలిలో కట్ట వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద నిలబడి ఉన్నంతసేపూ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. పని చేయకుండానే అలిసిపోతుంది, తొందరగా చిరుగుతుంది. "కొత్త బుష్ వేయించినా ఆరు నెలలు రాలేదు, సరుకు మంచిది కాదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం. సరుకు తప్పు కొంత ఉండవచ్చు గానీ, బిగింపు తప్పు ఎక్కువ.

ఎంత బలంతో బిగించాలో బండితో వచ్చిన కంపెనీ పుస్తకంలో ఉంటుంది. నైలాన్ నట్లు, స్ప్రింగు వాషర్లు పాతవి వాడకుండా కొత్తవి వేయండి. ఒక సంతకు వెళ్ళి వచ్చాక మళ్ళీ ఒకసారి అన్ని నట్లూ, యూ బోల్టులూ పానా వేసి చూడండి. ఈ చివరి పని మానేసేవాళ్ళే ఎక్కువ.

ఏ బుష్ కొనాలి?

పాత బుష్ తీసుకెళ్ళి పక్కన పెట్టి కొలిచి కొనండి. "అన్ని జీపులకూ ఇదే" అనే మాట నమ్మకండి. లోపలి రంధ్రం, బయటి కొలత, పొడవు మూడూ సరిపోవాలి. బిల్లు అడిగి తీసుకోండి. పాలియూరితేన్ బుష్‌లని రంగురంగుల్లో వస్తున్నాయి. అవి గట్టివే, ఆయిలుకు ఓర్చుకుంటాయి కూడా. కానీ కుదుపును ఎక్కువగా ఛాసిస్‌కు అందిస్తాయి, వాటికి ప్రత్యేకమైన సిలికాన్ గ్రీజు కావాలి. పందేల బండికి అవి బాగుండవచ్చు. బస్తాలు, మనుషులను మోసే మన బండికి కంపెనీ కొలతల రబ్బరు బుష్ చాలు.

ఎక్కడ చెయ్యి పెట్టకూడదు?

ఇంతవరకు చెప్పింది కమాను కట్టలున్న బండ్ల సంగతి. పాత మహీంద్రా జీపులకు, కమాండర్లకు, 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి ముందూ వెనకా కట్టలే. బొలెరోకు, 2010 థార్‌కు వెనక మాత్రమే కట్టలు. ముందు వైపు వేరే ఏర్పాటు. 2020లో వచ్చిన థార్‌కు నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే.

కాయిల్ స్ప్రింగు అంటే అణిచిపెట్టిన పాము. సరైన బిగింపు పరికరం లేకుండా విప్పితే అది ఎగిరి తగిలిన దెబ్బకు మనిషి బతకడం కష్టం. టార్షన్ బార్ కూడా మెలిపెట్టి ఉంచిన బలమే. ఈ రెండూ ఉన్న వైపు బుష్‌లు మార్చడం ఇంటి దగ్గర చేయవలసిన పని కాదు. అక్కడ మెకానిక్కుకు ఇచ్చే కూలి దండగ కాదు. అలాగే పట్టీ విరిగినా, ఛాసిస్ దగ్గర హ్యాంగరు పగిలి వెల్డింగు కావలసి వచ్చినా తెలిసిన చేతికే అప్పగించాలి.

నేను మెకానిక్కుల పొట్ట కొట్టమనడం లేదు. మంచి మెకానిక్కు రైతుకు అన్నదమ్ముడి లాంటివాడు. కానీ బుష్ కోసం పట్నం పోతే ఒక రోజు కూలి పోతుంది, డీజిలు పోతుంది, షెడ్డులో బండి రెండు రోజులు నిలుస్తుంది. ఈ ఖర్చు చూసే మనం వాయిదా వేస్తున్నాం. ఆ వాయిదాతోనే టైర్లు, స్టీరింగు పాడవుతున్నాయి. ఇంటి దగ్గరే చేసుకునే వీలుంటే వాయిదా వేయడానికి కారణమే ఉండదు. ఇంకొకటి, పని తెలిసిన రైతును "కట్ట మొత్తం మార్చాలి" అని ఎవరూ మభ్యపెట్టలేరు.

బుష్ ఆయుష్షు మన చేతిలోనే

కొత్త బుష్ వేశాక దాన్ని కాపాడుకోవడం వేరే పని. అన్నిటికంటే పెద్ద శత్రువు అధిక బరువు. లోపల నిండి, వెనక వేలాడి, పైన కూర్చుని వెళ్ళే జీపులను సంతరోజు చూస్తూనే ఉంటాం. ఆ బరువుకు కట్ట చదునై, షాకిల్ చివరికంటా వాలి, రబ్బరు మీద కోత పడుతుంది. బుష్ సంగతి అలా ఉంచి, మనుషుల ప్రాణాల సంగతి ఆలోచించినా అది మానుకోవలసిందే.

రెండోది ఫోర్ వీల్ లీవరు వాడకం. ఈ పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ బలం ఇచ్చినప్పుడు ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, కానీ తిరగనివ్వదు. బురదలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద సర్దుకునే దారి లేదు. ఆ పెనుగులాట గేర్ల మీద, టైర్ల మీద, చివరికి బుష్‌ల మీద పడుతుంది. బురద దాటగానే లీవరు తీసేయాలి.

మూడోది శుభ్రత. వాగు దాటి వచ్చిన రోజు కింద నీళ్ళు కొట్టి బురద కడిగేయాలి. ఎండిన మట్టి ఎమరీ కాగితంలాగ రబ్బరును, బోల్టును తింటుంది.

ట్రాక్టరున్నవాళ్ళు కూడా ఇది తమది కాదనుకోవద్దు. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. ఆ పిన్నుకూ బుష్ ఉంటుంది, గ్రీజు నిపిల్ ఉంటుంది. అది ఎండిపోయి అరిగితే ముందు చక్రాలు వంకర నడుస్తాయి. కమాను కట్టలున్న ట్రైలరుకైతే పైన చెప్పుకున్నవన్నీ వర్తిస్తాయి.

ఊరికొక పెట్టె

ఒక్కో రైతు ఈ సామాను అంతా కొనలేడు. కొనక్కరలేదు కూడా. రెండు జాకీలు, నాలుగు స్టాండ్లు, పానాల సెట్టు, మర కడ్డీ, గొట్టం ముక్కలు, తీగ బ్రష్. ఇవి ఊరికొక పెట్టెలో ఉంటే చాలు. విత్తనాలకు, స్ప్రేయర్లకు కలిసి నడుస్తున్న రైతు సంఘాలు, పొదుపు సంఘాలు దీనికి పూనుకోవచ్చు. ఊళ్ళో ఐటీఐ చదివిన కుర్రాడు ఉంటే పెట్టె అతని దగ్గర ఉంచి, పనికింత అని కూలి ఇవ్వవచ్చు. ఉపాధి వెతుక్కుంటూ పట్నం పోయే కుర్రాడు ఊళ్ళోనే నిలబడతాడు.

ప్రభుత్వం నుంచి కూడా ఒకటి అడగాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. యంత్రాల నిర్వహణ అక్కడ నేర్పుతారు. కానీ మన కొండల నుంచి అంత దూరం ఎంతమంది వెళ్ళగలరు? అలాంటి శిక్షణను రెండు మూడు రోజుల చొప్పున మండల కేంద్రాలకే తేవాలి. రైతు సేవా కేంద్రాల్లో ఎరువులు, విత్తనాల మాటతో పాటు బండి, యంత్రం మరమ్మతు మాట కూడా వినిపించాలి. యంత్రం కొనడానికి సబ్సిడీ ఇచ్చే చేయి, దాన్ని బాగుచేసుకోవడం కూడా నేర్పాలి.

మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండికి 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి. అందుకు బండిని తనిఖీకి పెట్టాలి. చాలామంది ఆ తనిఖీ ముందురోజు రంగు వేయించి, శబ్దం రాకుండా ఆయిలు పోసి తీసుకెళ్తారు. అధికారి కంటిని దాటవచ్చు గానీ, ఘాట్ మలుపును దాటలేం.

వానలు తగ్గి, కాఫీ పండ్ల కోతకు ఇంకా వ్యవధి ఉన్న రోజులే ఈ పనికి అనువు. కోత మొదలైతే బండికీ తీరిక ఉండదు, మనకూ ఉండదు. దసరా వెళ్ళిన వారంలో ఒకరోజు కేటాయించి, గునపం పట్టుకుని పన్నెండు బుష్‌లూ చూడండి. అరిగినవి మార్చండి. టైర్ల కోసం దాచిన డబ్బు పిల్లల ఫీజులకో, వచ్చే ఏటి ఎరువుకో మిగులుతుంది.